లేచే కారు కింద సత్తార్

ఈమధ్య ప్రవీణ్ అనే మెకానిక్ నిజామాబాద్‌లో మా ఇంటికి వచ్చాడు. మాక్లూర్ మనిషి, షెడ్డు మాత్రం బోధన్‌లో పెట్టుకున్నాడు. ముప్పై అయిదేళ్లుంటాయేమో. పని శుభ్రంగా చేస్తాడని విన్నాను. కూర్చోమంటే కూర్చోలేదు, బట్టలకు నూనె ఉందన్నాడు.

"గంగన్నా, వకీల్ సాబ్ వాళ్ల లేచే కారు ఉండె గదా, అది ఇప్పుడు నా దగ్గరికొచ్చింది. దానికి గ్రీజు యాడ యాడ పెట్టాలె, ఏది ముట్టొద్దు, జర రాసియ్యి. నువ్వు దప్ప దాని ముచ్చట ఎరిగినోడు ఎవ్వడు లేడు" అన్నాడు.

నాకు సంతోషం వేసింది. డెబ్బై దాటిన ముసలాణ్ణి పని గురించి అడగడానికి ఒకడు వెతుక్కుంటూ వచ్చాడంటే ఎవరికి సంతోషం వేయదు? రాసిస్తానన్నాను. గడప దాటుతూ అతను ఇంకో మాట అన్నాడు.

"పరేషాన్ గాకన్నా. స్విచ్ సూసుకునే కింద దూరుత. నేనేమన్న సత్తార్‌నా?"

నవ్వి వెళ్లిపోయాడు. నేను అట్లాగే కూర్చుండిపోయాను. మా ఆవిడ వచ్చి అన్నం చల్లారిపోతోందని రెండు సార్లు పిలిచింది.

నిజామాబాద్, బోధన్ షెడ్లలో అదొక సామెత అయిపోయింది. స్విచ్ మరిచినవాణ్ణి, జాకీ వంకరగా పెట్టినవాణ్ణి "సత్తార్ అయితవురా" అని తిడతారు. ఆ సత్తార్ ఎవరో అప్పటికి ప్రవీణ్‌కు తెలియదు. ఎప్పుడో చచ్చిపోయిన వాడనుకున్నాడేమో. సత్తార్ బతికే ఉన్నాడు, ప్రవీణ్ షెడ్డుకు మూడు గల్లీల అవతలే ఉంటాడు. నాతో పాటు ముప్పై ఏడేళ్లు పనిచేశాడు. ఆ సామెత పుట్టింది నా వల్ల. సిగ్గు లేకుండా నేనే దాన్ని రెండు మూడు సార్లు వాడాను కూడా.

కాబట్టి ప్రవీణ్ అడిగిన గ్రీజు సంగతి రాస్తూ, సత్తార్ చేతి వేళ్లు ఎట్లా పోయాయో కూడా రాస్తున్నాను. పద్దెనిమిదేళ్లు దాచాను. గ్రీజు సంగతి తెలియకపోతే అది అర్థం కాదు, అందుకని ముందు దాంతోనే మొదలుపెడతాను.

కారు

అది అమెరికా కారు. మా షెడ్డుకు పాత గిరాకీ వకీల్ సాబ్, చెరుకు బాగా పండిన రోజుల్లో ఆయన తండ్రి హైదరాబాద్‌లో పాతదే కొని తెచ్చాడు. పొడుగైన బండి, మా గల్లీలో మలపాలంటే మూడుసార్లు ముందుకీ వెనక్కీ తీయాలి. రంగు ఏదని అడిగితే చెప్పడం కష్టం, ఒకప్పుడు మీగడ రంగు అనేవాళ్లు.

మామూలు బండ్లకు కమాన్ పట్టీలో చుట్ట స్ప్రింగులో ఉంటాయి. దీనికి అవేవీ లేవు. రెండు పక్కలా ముందు చక్రం నుంచి వెనక చక్రం దాకా పొడవాటి ఉక్కు కడ్డీలు ఉంటాయి. తడిబట్ట పిండినట్టు అవి మెలితిరిగి కారు బరువు మోస్తాయి. వెనక సీట్లో నలుగురు కూర్చుంటే వెనక భాగం కుంగుతుంది కదా, అప్పుడు అడుగున ఉన్న చిన్న కరెంటు మోటారు తిరిగి, రెండు ఇనుప చేతుల్ని నెట్టి, ఇంకో రెండు పొట్టి కడ్డీలను మెలిపెట్టి కారును మళ్లీ సమంగా లేపుతుంది. మనుషులు దిగితే వెనక్కి తిరిగి దించుతుంది. వెంటనే కాదు, ఏడు సెకన్లు ఆగి. గుంతలో పడిన ప్రతిసారీ ఎగిరి దూకకుండా ఆ ఏర్పాటు. పెళ్లిళ్లకు తీసుకుపోతే వెనక కూర్చున్న ముసలమ్మలు "అవ్వో, కారు లేస్తుందే!" అని కేకలు పెట్టేవాళ్లు. వకీల్ సాబ్‌కు ఆ కేకలంటే ప్రాణం.

ఇక ప్రవీణ్ అడిగింది. మోటారు పక్కన గేర్ డబ్బా ఉంటుంది, అందులో మెత్తటి గ్రీజు సగానికి పెట్టాలి. ఎక్కువ పెడితే మేలని పిల్లలు అనుకుంటారు. ఎక్కువ పెడితే మోటారు దాన్ని చిలకలేక చస్తుంది. ఇనుప చేతుల కీళ్లకు ఏడాదికి రెండుసార్లు, వానలకు ముందొకసారి, చలికి ముందొకసారి. ముందు చక్రాల కీళ్లకు గన్నుతో కొట్టండి, పాత గ్రీజు బయటికి ఊడి కొత్తది కనిపించేదాకా. రబ్బరు బుష్‌లకు మాత్రం నూనె చుక్క తగలకూడదు. కిర్రుమంటే కిర్రుమననీయండి, ఓనరు గొణిగితే గొణగనీయండి. కడ్డీల మీద గీత పడకూడదు, ఎక్కడ గీత పడితే అక్కడే విరుగుతాయి. మీరు కింద ఉండగా విరిగితే మీ ఇంటివాళ్లు ఏడుస్తారు.

డాష్‌బోర్డు కింద ఒక చిన్న స్విచ్ ఉంటుంది. కారును జాకీ మీద ఎత్తితే వెనక చక్రాలు వేలాడతాయి. బరువంతా దిగిపోయిందనుకుని మోటారు దించడానికి తిరుగుతుంది. అది చిన్నదే, కానీ గేర్ల మీద తిరుగుతుంది, మొత్తం కారునే లేపేది. చెయ్యి అడ్డమొస్తే దానికి తెలియదు. అందుకని కింద దూరే ముందు ఆ స్విచ్ ఆపాలి.

ఉస్తాద్ లింబాద్రి

మా ఇద్దరికీ పని నేర్పింది ఉస్తాద్ లింబాద్రి. నిజామాబాద్‌లోనే, కంఠేశ్వర్‌లో ఆయన షెడ్డు. ఆయన పోయాక అది మా ఇద్దరి చేతికి వచ్చింది. చెయ్యి తిరిగిన పనిమంతుడు. ఇంజను చప్పుడు విని ఏ వాల్వు వదులైందో చెప్పేవాడు. అంత పనితనం నేను మళ్లీ చూడలేదు. అంత నోటి దురుసూ చూడలేదు.

ఆయన రోజూ చెప్పే మాట ఒకటి. "తప్పు జేస్తే ముందుగాల వచ్చి చెప్పాలె. చెప్పనోడు నా షెడ్ల ఉండొద్దు." మాట బంగారం. కానీ వచ్చి చెప్పినవాణ్ణి జాకీ రాడ్డుతో కొట్టేవాడు, గిరాకీల ముందే. ఒకసారి నేను ఇంజనాయిల్ బోల్టు వదులుగా పెట్టానని నా అంతట నేనే చెప్పాను. నా వీపు వారం రోజులు నేలకు ఆనలేదు. ఆ తర్వాత నేను చెప్పడం మానేశాను. మరుగుపరచడం నేర్చుకున్నాను, అదీ ఒక పనితనమే అయిపోయింది.

సత్తార్ నా కంటే నాలుగేళ్లు పెద్ద. అతను మానలేదు. దెబ్బలు తిన్న మరునాడే వచ్చి "ఉస్తాద్, ఇయ్యాల గూడ ఒక నట్టు ఖరాబ్ జేసిన" అని చెప్పేవాడు. ఉస్తాదే ఒకసారి నవ్వలేక చచ్చాడు. "గీనికి సిగ్గు లేదురా, ఎన్ని తన్నినా నిజమే చెప్తడు" అన్నాడు. తెలుసుకోండి, అట్లాంటి మనిషి అతను. ఎవరు నమ్మకపోయినా నేను మాత్రం అతని మాట నమ్మవలసినవాణ్ణి.

షెడ్డు నడిపేవాళ్లకు ఒకటి చెప్తాను. తప్పు చెప్పినవాణ్ణి కొడితే తప్పులు ఆగవు, చెప్పడం ఆగుతుంది. ఉస్తాద్ మీద గౌరవం ఉంచుకునే ఈ మాట అంటున్నాను. అట్లాగని నా పాపం ఆయన నెత్తిన రుద్దడం లేదు. అదే దెబ్బలు సత్తారూ తిన్నాడు కదా.

మిల్లు గ్రీజు

చెరుకు మిల్లులు ఒక్కొక్కటే మూతపడుతున్న కాలం. మిల్లు సామాను పాత ఇనుము కింద కబాడీకి వచ్చేది. దాంతో పాటు గ్రీజు డ్రమ్ములూ వచ్చేవి. చెరుకు పిండే రోలర్లకు పెట్టే గ్రీజు అది, నల్లగా, తారులాగా, చేతికంటితే రెండు రోజులు పోదు. బోధన్ నుంచి నిజామాబాద్ దాకా షెడ్డు షెడ్డుకూ ఒక డ్రమ్ము చేరింది. ట్రాక్టరు ట్రాలీలకు, బండి ఇరుసులకు దాన్ని మించింది లేదు. దాంతో మాకు కళ్లు నెత్తికెక్కాయి. తలుపు బందుల నుంచి డైనమో దాకా అన్నిటికీ అదే పూశాం. చెరుకు పండే చోట తప్ప ఇంకెక్కడా ఏ మెకానిక్కూ ఇంత తెలివితక్కువ పని చేసి ఉండడు.

ఆ ఏడు చలికి ముందు లేచే కారు మా దగ్గరికి వచ్చింది. సత్తార్ డ్రమ్ములోంచి కొంచెం తీసి బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య నలిపి చూశాడు.

"గంగారాం, చలికి గడ్డ కడ్తదేమోరా ఇది."

"ఏం గాదు భాయ్. గంత పెద్ద రోలర్లే తిరిగినయి, గింత మోటారు తిరగదా?"

"గదీ నిజమే" అని నవ్వాడు. ఇద్దరం కలిసే గేర్ డబ్బా నిండా కుక్కాం. ఈ తప్పు ఇద్దరిదీ. తర్వాతి తప్పులు అన్నీ నావే.

చలి ముదిరేసరికి లోపల గ్రీజు గట్టిపడింది. మోటారు మూలుగుతూ తిరిగేది. మూలుగు విన్నాం, కొత్త గ్రీజు కదా, అలవాటు పడుతుందనుకున్నాం. కష్టపడే మోటారు ఎక్కువ కరెంటు లాగుతుందనీ, ఆ వేడంతా డాష్‌బోర్డు కింది చిన్న స్విచ్ మీద పడుతుందనీ ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

కందకుర్తి దారిలో

ఒక ఆదివారం వకీల్ సాబ్ తల్లి కందకుర్తిలో సంగమ స్నానం చేస్తానంది. కారు నన్నే నడపమన్నారు. సత్తార్ ఆ రోజు బంధువుల నిఖా ఉండి రాలేదు. వెనక సీట్లో నలుగురు, డిక్కీలో వంట గిన్నెలు, బియ్యం, ఒక గ్యాస్ బండ.

బోధన్ దాటాక కారు లేవడం మానేసింది. తోక కిందికి దిగి సైలెన్సరు రాళ్లకు గీసుకుంటోంది. వకీల్ సాబ్ ముందు సీట్లో కూర్చుని విసుక్కున్నాడు.

"ఏంది గంగారాం, షాన్‌గ పోదామని కారు దీస్తే ఎడ్లబండి లెక్క కూసుండె?"

పక్కకు ఆపి డాష్‌బోర్డు కింద తల పెట్టాను. స్విచ్ లోపల కాలిపోయింది. ముట్టుకుంటే చురుక్కుమంది. ఆ స్విచ్ ఇక్కడెక్కడా దొరకదు. వెనక రెండు తీగలు, ఒకటి ఎర్రది, ఒకటి నల్ల గీతల పచ్చది, రెండూ పీకి, ఒకదానికొకటి మెలేసి టేపు చుట్టాను. ఏడు అంకెలు లెక్కపెట్టేలోపు కారు మూలిగి లేచింది. వకీల్ సాబ్ తల్లి "సల్లగుండు బిడ్డా" అంది.

"ఏమైంది?" అని వకీల్ సాబ్ అడిగాడు.

"స్విచ్ ఖరాబైంది సాబ్. బాగు చేసిన."

బాగు చేయలేదు. ఇక ఆ స్విచ్ నొక్కితే టక్కుమంటుంది, అంతే. మోటారు ఆగదు. రేపు విప్పి సరిగ్గా వేద్దాం అనుకున్నాను. రేపు ఒక ట్రాక్టరు వచ్చింది, ఎల్లుండి ఒక జీపు. సత్తార్‌కు చెప్పాలని ఒకటి రెండుసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే వకీల్ సాబ్‌తో అబద్ధమాడానని కూడా చెప్పాలి, "ఏందిరా పిచ్చోడా" అంటాడు. ఆ ఒక్క మాట పడలేక ఊరుకున్నాను. ఇంతకంటే పెద్ద కారణం ఏదైనా ఉందా అని ఇన్నేళ్లూ వెతికాను. లేదు.

ఏడు సెకన్లు

మూడు వారాల తర్వాత, పొద్దున పదిన్నరకు. మూలుగు ఎక్కువైందని కారు మళ్లీ వచ్చింది. గ్రీజు మార్చాలని ఇద్దరం అనుకున్నాం. వెనక భాగం ఎత్తి స్టాండ్ల మీద నిలబెట్టాం. బ్యాటరీ చార్జింగ్‌కు పోయి ఉంది. సత్తార్ డోరు తీసి, డాష్‌బోర్డు కింద చెయ్యి పెట్టి స్విచ్ ఆపాడు. నేను చూశాను. టక్కుమన్న చప్పుడు కూడా విన్నాను. ఆ క్షణంలో నాకు ఆ తీగలు గుర్తు రాలేదు. దేవుడి మీద ప్రమాణం, గుర్తు రాలేదు.

అతను కింద దూరాడు. నేను బ్యాటరీ తెచ్చి పెట్టాను.

"భాయ్, తీగ పెట్టాల్నా?"

"పెట్టు. స్విచ్ బంద్ జేసిన."

పానాతో టెర్మినల్ బిగించాను. ఏ చప్పుడూ లేదు. చప్పుడు లేదు కాబట్టి అతను ఇనుప చేతికీ ఛాసిస్‌కూ మధ్య వేళ్లు పెట్టి పాత గ్రీజు గీకడం మొదలుపెట్టాడు. ఏడు సెకన్లు గడిచాయి. మోటారు మూలిగింది.

అది నెమ్మదిగా తిరుగుతుంది. అదే ఘోరం. ఒక్కసారి తెగిపోయి ఉంటే వేరు. నేను బిగించిన టెర్మినల్‌ను నేనే విప్పలేకపోయాను, పానా జారిపోతోంది, కింద నుంచి "గంగారాం, బంద్ జెయ్, బంద్ జెయ్" అని అరుస్తున్నాడు. చివరికి తీగను పట్టుకుని పీకేశాను. అప్పటికి అయిపోయింది. కుడిచేతి చూపుడువేలు, మధ్యవేలు, సగం బొటనవేలు.

దవాఖానలో మత్తు దిగుతుండగా అతను అన్న మొదటి మాట ఇది. "నేను బంద్ జేసిన గంగారాం. టక్కుమన్నది. నువ్వు జర వైర్లు సూడు."

"పండుకో భాయ్" అన్నాను.

తేలు కుట్టిన దొంగ

దవాఖాన నుంచి నేరుగా షెడ్డుకు పోయాను. తలుపు దగ్గరగా వేసి, డాష్‌బోర్డు కింద దూరి, టేపు విప్పి, తీగలు విడదీసి, కాలిన స్విచ్ పీకేశాను. దాని చోట ట్రాక్టరు లైట్లకు వేసే కొత్త స్విచ్ తెచ్చి, తీగలు తగిలించి బిగించాను. చేతులకు సత్తార్ రక్తం ఎండి ఉంది. ఇది నా జీవితంలో నేను అన్నిటికంటే శ్రద్ధగా చేసిన పని.

సాయంత్రం వకీల్ సాబ్ వచ్చాడు. "స్విచ్ ఎవరు బంద్ జెయ్యాలె?" అని అడిగాడు.

"కింద దూరేటోడే సాబ్. సత్తార్ భాయే."

"అంటే మర్శిపోయిండన్నట్టు."

నేను కాదనలేదు. తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాను. ఆయన తల ఊపి వెళ్లిపోయాడు. మరునాటికి అది కంఠేశ్వర్ అంతా పాకింది, వారానికి బోధన్ చేరింది. నేను అబద్ధం ఆడలేదని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. నిజమే, అక్కడ ఆడలేదు. తర్వాతి వారం కట్టు మార్పించుకుంటూ సత్తార్ మళ్లీ అడిగాడు.

"వైర్లు సూసినవా?"

"సూసిన భాయ్. అన్ని మంచిగనే ఉన్నయి."

అతను నా ముఖం చూసి, తర్వాత తన కట్టు చూసుకున్నాడు. "అయితే మర్శిపోయి ఉంట" అన్నాడు. మెల్లగా అన్నాడు. ఆ మాట విన్నప్పుడు కూడా నేను చెప్పి ఉండవచ్చు. చెప్పలేదు.

అతను షెడ్డుకు మళ్లీ రాలేదు. భార్య వహీదా భాభి పుట్టిల్లు బోధన్‌లో ఉంటే అక్కడికి వెళ్లిపోయారు. ఇంటి ముందు గదిలో ఆమె గాజుల కొట్టు పెట్టుకుంది. మొదట్లో రెండుసార్లు వెళ్లి చూసి వచ్చాను, పండ్లు తీసుకుని. తర్వాత మానేశాను. చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదంటారు. నేను కాల్చింది వేరేవాడి చెయ్యి, ఆకులు కూడా పట్టుకోలేదు.

గాజుల కొట్టు

ప్రవీణ్ వచ్చి వెళ్లిన మూడో రోజు బస్సెక్కి బోధన్ పోయాను. వహీదా భాభి ఒక ఆడమనిషి చేతికి గాజులు ఎక్కిస్తోంది. నన్ను చూసి "అరే, గంగారాం భాయ్, ఇన్నేండ్లకు తొవ్వ తప్పినవా?" అని నవ్వింది. సత్తార్ లోపల గోడకు ఆనుకుని కూర్చున్నాడు. గడ్డం పూర్తిగా తెల్లబడింది. కుడిచెయ్యి ఒళ్లో తువ్వాల కింద ఉంది.

చాయ్ వచ్చింది. తాగితే ఇక చెప్పలేనని తెలిసి గ్లాసు పక్కన పెట్టాను.

"భాయ్, ఆ దినం నువ్వు స్విచ్ బంద్ జేసినవ్."

ఏ దినమని అడగలేదు. "నీకెట్ల ఎరుక?" అన్నాడు.

"వెనక తీగలు నేనే కలిపిన. కందకుర్తి పోయినప్పుడు. స్విచ్ టక్కుమంటది గాని పని జెయ్యది."

సత్తార్ మెకానిక్ అడిగినట్టే అడిగాడు.

"ఏ తీగలు?"

"ఎర్రది. నల్ల గీతల పచ్చది."

"రెండు మెలేసి టేపు సుట్టినవా?"

"ఆ."

"నేను నిన్ను సూడుమన్న గదా. దవాఖానల. మంచిగనే ఉన్నయన్నవ్."

"అన్న."

"అప్పటికే ఇప్పినవా?"

"అదే దినం ఇప్పిన భాయ్."

అతను వహీదా భాభిని పిలవబోయాడు. ఆమె అప్పటికే గుమ్మంలో నిలబడి ఉంది, చేతిలో గాజుల కట్ట.

"విన్నవా?" అన్నాడు.

ఆమె అక్కడే కింద కూర్చుంది. నా వైపు చూసి మాట్లాడింది. "నన్ను రోజు అడుగుతుండె భాయ్. ఎవ్వడు నమ్మకున్నా పాయె, నువ్వన్న నమ్ముతవా అని. నేనేమంటుంటి? పోనియ్యుండ్రి, మనుషులన్నంక మర్శిపోరా అంటుంటి. ఒక్క దినం నమ్ముతా అనలే. ఒక్క దినం అనలే." కొంగు నోట్లో కుక్కుకుంది.

"ఏడువకు" అని ఆమెతో అని, నాతో అన్నాడు సత్తార్. "వేళ్లు పోతే ఏమైతుండె గంగారాం? ఎడమ చెయ్యి మంచిగుండె. గ్రీజు గన్ను ఎడమ చేత్తోని పట్టకపోతునా? నా మీద నాకే నమ్మకం లేకపాయె, గందుకు ఇడిసిపెట్టిన. ఇప్పటిగ్గూడ గ్యాస్ బంద్ జేసిన్నా లేదా అని పదిసార్లు పొయ్యి కాడికి పోత. మనుమరాలిని ఎత్తుకోను, ఏడ ఇడిసిపెడ్తనో అని. పోరి రెండు చేతులు సాపుకోని వస్తది నా దగ్గరికి. తాతకు చాతగాదని చెప్పి దాన్ని వాపస్ పంపుత."

వేళ్లు పోగొట్టానని మాత్రమే అనుకుంటూ వచ్చాను ఇన్నేళ్లూ. అదే పెద్ద పాపమనుకున్నాను.

"మాఫ్ జెయ్ భాయ్" అన్నాను.

"గా ముచ్చట ఇప్పుడొద్దు. లే. నాకొక్కనికి చెప్తే ఏమొస్తది? షెడ్డోళ్లకు చెప్పు పా."

ప్రవీణ్ షెడ్డు

లేచే కారు ప్రవీణ్ షెడ్డులోనే ఉందని చెప్పాను. మూడు గల్లీలే అయినా ఇద్దరం ముసలివాళ్లం, ఆటోలో పోయాం. షెడ్డు ముందు ఆటో ఆగితే సత్తార్ దిగలేదు. "నువ్ దిగు" అన్నాడు.

ప్రవీణ్, ఇంకో నలుగురు మెకానిక్కులు ఉన్నారు. లేచే కారు స్టాండ్ల మీద ఉంది. నేను కారు పక్కన నిలబడి అంతా చెప్పాను, పైన రాసినట్టే. ఆటోలో ఉన్నాయనే సత్తార్ భాయ్ అని కూడా చెప్పాను. మధ్యలో నీళ్లు అడిగాను, ఎవరూ ఇవ్వలేదు. చెప్పడం అయిపోయాక ఒకతను చేతిలో పానా బల్ల మీద పెట్టి బయటికి నడిచాడు. ప్రవీణ్ నన్ను దాటుకుని ఆటో దగ్గరికి పోయాడు.

"ఉస్తాద్, జర దిగుండ్రి. కారు సూస్తరా?"

ఉస్తాద్ అన్న మాటకు సత్తార్ కొంచెం తత్తరపడ్డాడు. ఆటోలోంచే షెడ్డు లోపలికి చూశాడు, కారు వైపు, చాలాసేపు.

"గ్రీజు ఏది పెట్టినవ్?"

"ఇంక పెట్టలే ఉస్తాద్."

"పల్సది పెట్టు. సగమే. కింద దూరేటప్పుడు స్విచ్ మీద నమ్మకం పెట్టకు, బ్యాటరీ తీగ ఇప్పు. ఇప్పిన పానా నీ జేబులనే పెట్టుకో. ఇంకొకని చేతికియ్యకు, వాడు నీకు ఎంత దోస్తున్నా సరే."

"సరే ఉస్తాద్."

నేను ఎక్కడానికి ఆటో రాడ్డు పట్టుకున్నాను. సత్తార్ నా చేతి వైపు చూశాడు, డ్రైవర్‌తో "చలో" అన్నాడు. ఆటో కదిలింది. రాడ్డు వదిలేశాను.

షెడ్డులో పని మళ్లీ మొదలైంది. ప్రవీణ్ కారు బానెట్ ఎత్తి బ్యాటరీ తీగ విప్పాడు, పానా జేబులో వేసుకున్నాడు. నన్ను కూర్చోమని ఎవరూ అనలేదు. బస్టాండు దాకా నడిచాను.